కలంకారీలో నల్ల గీత ఎందుకు పాకుతుంది, కొత్త బొమ్మ ఎక్కడ దొరుకుతుంది

మీరు అడిగినవి మూడు. శ్రీకాళహస్తి పద్ధతిలో గోడకు వేలాడదీసే బట్ట ఒకటి ఇంట్లో వేస్తున్నారు. కసిమితో, అంటే ఇనుము, బెల్లం పులియబెట్టిన నల్లమందుతో, గీసిన నల్ల గీత పాకిపోతోంది, ఉతికాక బట్టంతా బూడిదరంగు కమ్ముతోంది. ఎరుపేమో ఇటుకరంగులోకి దిగుతోంది. ఇక మూడోది, దేవుళ్ళ మొహాలూ నెమళ్ళూ కాకుండా సొంత బొమ్మలకు స్ఫూర్తి ఎక్కడ వెతకాలి అని. మొదటి రెండూ రంగు సమస్యలు, మూడోది కళ సంగతి అని మీరు విడదీశారు కానీ, ఈ పనిలో అవి విడివిడిగా ఉండవు. బట్ట మీద ఏ రంగు ఎప్పుడు ఎక్కుతుందో తెలియకుండా వేసుకున్న డిజైను కాగితం మీద ఎంత బాగున్నా బట్ట మీద నిలవదు. పాత పనివాళ్ళ బొమ్మలు అలా ఎందుకున్నాయో కూడా రంగు తెలిస్తేనే అర్థమవుతుంది. అందుకే ముందు బట్ట, తర్వాత బొమ్మ.

కాళహస్తి వైపు దీన్ని వ్రాతపని అంటారు, మచిలీపట్నం, పెడన వైపు అచ్చులతో చేసేది అద్దకం. రెండింటికీ రసాయనం దాదాపు ఒకటే. నలుపు, ఎరుపు విషయంలో మనం రంగు పూయడం లేదు. రంగు పట్టించే మందు పూస్తున్నాం. కసిమిలో ఉన్నది ఇనుము, అది బట్టలోని కరక్కాయ వగరుతో కలిసి అక్కడికక్కడే నలుపవుతుంది. పటిక పూసినచోట అప్పటికి ఏమీ కనబడదు, బట్టను మంజిష్ఠ అనే రంగు వేరు నీళ్ళలో ఉడికించాకే ఎరుపు తేలుతుంది. మీ సమస్యలన్నీ ఈ రెండు వాక్యాల్లోంచే వస్తున్నాయి.

బట్ట దగ్గర మొదలుపెడదాం. తెల్లబరచని కోరా గుడ్డే తీసుకోండి, కాస్త మందంగా ఉండే గాడా రకం అయితే మేలు. మగ్గం మీద పెట్టిన గంజి పూర్తిగా పోవాలి. రాత్రంతా నానబెట్టి, లీటరు నీటికి 5 గ్రాముల చాకలి సోడా వేసి గంటసేపు ఉడకబెట్టి, బాగా జాడించి ఆరేయండి. ఆరిన బట్ట మీద ఒక నీటి చుక్క వేసి చూడండి. చుక్క వేసిన వెంటనే ఇంకిపోవాలి. గుండ్రంగా నిలబడి, ఆలోచించి ఇంకితే గంజి ఇంకా ఉందన్నమాట, మళ్ళీ ఉడకబెట్టాలి. ఒక మూల ఇంకి ఇంకో మూల నిలబడితే ఇంకా ప్రమాదం, ఒకే గీత ఒకచోట సన్నగా, ఒకచోట లావుగా వస్తుంది.

తర్వాత కరక్కాయ, పాలు. ఐదు మీటర్ల బట్టకు గింజ తీసేసిన కరక్కాయ పొడి 200 గ్రాములు, నీళ్ళు 2 లీటర్లు, పచ్చి గేదె పాలు ఒక లీటరు. వగరంతా పైపెచ్చులోనే ఉంటుంది కాబట్టి గింజతో సహా కొట్టిన పొడి తూకానికి మాత్రమే పనికొస్తుంది. పొడిని రాత్రి నానబెట్టి, పొద్దున గుడ్డలో వడగట్టి, అప్పుడు పాలు కలపండి. బట్టను అందులో పావుగంట, ఇరవై నిమిషాలు పిసుకుతూ ముంచి ఉంచాలి. తీసేటప్పుడు మెలిపెట్టి పిండకండి, మెలి పడినచోట చారలు వస్తాయి, ఆ చారలు చివరిదాకా పోవు. అరచేతులతో నొక్కి, మడత పడకుండా పరిచి ఎండలో ఆరేయండి. ఆరాక బట్ట లేత మీగడ రంగులో, చేతికి కాస్త బిరుసుగా తగలాలి.

మీ గీత పాకడానికి మొదటి అనుమానం ఈ పాల మీదే. పాలలోని కొవ్వు నూలు పోగుల సందుల్ని కప్పి, తడి పక్కకు పాకకుండా ఆపుతుంది. ప్యాకెట్లో వచ్చే టోన్డ్ పాలలో 3 శాతం కొవ్వు ఉంటుంది, ఫుల్ క్రీమ్‌లో 6 శాతం. గేదె పాలు వాడమనడం ఆచారం కోసం కాదు. గేదె పాలు దొరక్కపోతే ఫుల్ క్రీమ్ వాడండి, పాలు మాత్రం తగ్గించకండి. అలాగని రెట్టింపు పోసినా ఇబ్బందే: కలం జారుతుంది, కసిమి లోపలికి దిగదు, మొదటి ఉతుకులోనే గీత సగం పోతుంది. పాలు పట్టించిన బట్టను నెలల తరబడి దాచొద్దు. కమురు వాసన వచ్చి, అక్కడక్కడా పసుపు మచ్చలు తేలతాయి. వారం పది రోజుల్లో గీసేంత బట్టే తయారుచేసుకోండి. వానాకాలంలో గీసేముందు మళ్ళీ ఒక గంట ఎండ చూపించాలి, చేతికి తెలియని చెమ్మ కూడా గీతను చెడగొడుతుంది.

రెండో అనుమానం కసిమి మీద. రెండున్నర లీటర్ల నీటికి తుప్పు పట్టిన ఇనుప ముక్కలు అర కిలో, నల్లబెల్లం పావు కిలో, తాటిబెల్లం 50 గ్రాములు. మట్టి కుండలో వేసి మూతికి గుడ్డ కట్టండి, బిగుతు మూత పెట్టొద్దు. పులిసేటప్పుడు గాలి పోవడానికి దారి కావాలి. రోజుకోసారి కర్రతో కలపండి. మొదటి వారం నురగ, పుల్లటి వాసన వస్తాయి, తర్వాత నురగ తగ్గుతుంది. బెల్లం పులిసి పుట్టిన ఆమ్లం ఇనుమును కరిగించడానికి 15 నుంచి 20 రోజులు పడుతుంది, చలికాలంలో ఇంకా ఎక్కువ. జింకు పూత ఉన్న మేకులు, రంగు వేసిన ఇనుము వేయకండి. పాత మేకులు, లాడాలు, లేతుపని దగ్గర దొరికే ఇనుప రజను సరిపోతాయి. రజనుకు నూనె అంటి ఉంటుంది, సబ్బునీళ్ళలో కడిగి వాడండి.

తయారైందో లేదో రోజులు లెక్కపెట్టి చెప్పలేం. కరక్కాయ పట్టించిన ముక్క మీద ఒక గీత గీయండి. కలం వెనకాలే నలుపు వస్తూ పోవాలి. ముందు బూడిదరంగు వచ్చి, పది నిమిషాలకు ముదిరితే ఇంకా కాలేదు. చాలామంది గీత పాకించేది ఇక్కడే. పలచటి కసిమితో గీసి, నలుపు చాలలేదని అదే గీత మీద మళ్ళీ, మళ్ళీ గీస్తారు. రెండోసారి పోసిన తడి ఎటూ పోలేక పక్కకు పాకుతుంది. పైగా ఒకేచోట ఇనుము ఎక్కువైతే కొన్నేళ్ళకు అక్కడ బట్ట మాగిపోతుంది. పాత బట్టల్లో ఎరుపు గట్టిగా ఉండి, నల్ల గీత ఉన్నచోట మాత్రం కత్తితో కోసినట్టు చీలి ఉండటం మ్యూజియాల్లో మామూలుగా కనిపించే సంగతి. అందుకని కసిమి చిక్కగా, గీత ఒక్కసారి.

మూడోది కలం. వెదురుపుల్లో ఈతపుల్లో జానెడు పొడవు తీసుకుని, ఒక కొస చెక్కి మొన చేయండి. సన్న గీతకు పెన్సిల్ మొనలా, రంగు నింపడానికి మొద్దుగా. మొనకు రెండు వేళ్ళు పైన ఉన్ని గుడ్డ పీలికలు నిమ్మకాయంత లావు చుట్టి నూలు దారంతో బిగించాలి. రంగులో ముంచితే తాగేది ఆ ఉన్ని. గీసేటప్పుడు బొటనవేలితో నొక్కినకొద్దీ మొనలోకి దిగుతుంది. దారం వదులైతే చుక్కలు చుక్కలుగా పడుతుంది, మరీ బిగిస్తే రంగే తాగదు. ముంచిన ప్రతిసారీ కుండ అంచుకు ఒకసారి ఒత్తి, పక్కనున్న చిత్తు గుడ్డ మీద ఒక గీత లాగి, అప్పుడే పని మీదికి రండి. ముంచిన వెంటనే మొహం, కళ్ళు, వేళ్ళ జోలికి పోవద్దు. కలం నిండుగా ఉన్నప్పుడు పొడవు గీతలు, అంచులు, చీర కుచ్చెళ్ళు. సగం ఖాళీ అయ్యాక ఆభరణాలు. ఆఖర్న కళ్ళు. దీన్ని గుర్తుపెట్టుకోండి, బొమ్మల గురించి మాట్లాడేటప్పుడు మళ్ళీ పనికొస్తుంది.

ఇక బూడిదరంగు. బట్టంతా కరక్కాయ ఉంది. గీతలో పట్టుకోకుండా మిగిలిన ఇనుము ఉతికేటప్పుడు నీళ్ళలోకి దిగి, ఖాళీ చోట ఉన్న వగరును పట్టుకుంటుంది. ఎంత పట్టుకుంటే అంత బూడిద. బకెట్లో ముంచి కాసేపు వదిలేస్తే జరిగేది అదే. గీశాక కనీసం ఒక పూర్తి రోజు ఆరనివ్వాలి, రెండు రోజులైతే ఇంకా మంచిది. మొదటి ఉతుకు పారే నీళ్ళలోనే. కాళహస్తిలో ఈ పని స్వర్ణముఖి ఒడ్డున పెరగడానికి పెద్ద కారణం ఇదే: వదిలిన ఇనుము, పటిక బట్టను మళ్ళీ తాకకముందే ఏరు తీసుకుపోతుంది. ఇంట్లో అయితే బట్టను ఏటవాలుగా బల్ల మీద పరిచి, పైనుంచి గొట్టంతో నీళ్ళు ఆగకుండా వదలండి. మడత పడనివ్వకండి, నల్ల గీత మడతలో ఖాళీ చోటును తాకితే అద్దంలో బొమ్మలా అచ్చు పడుతుంది. ఇనుము ఎక్కువున్న బోరునీళ్ళయితే ఎంత జాగ్రత్తపడినా బూడిద తప్పదు. బకెట్లో రాత్రి పట్టిన నీళ్ళు పొద్దునకు ఎర్రటి మడ్డి దింపితే ఆ నీళ్ళు ఈ పనికి వద్దు.

ఎరుపు ఇటుకరంగు కావడానికి నాలుగు కారణాలుంటాయి, మీ విషయంలో రెండు కలిసినట్టున్నాయి. ఇనుప మూకుడులో ఉడికించానన్నారు. అది వెంటనే మానండి, స్టీలు గిన్నె గానీ రాగి గిన్నె గానీ వాడండి. మంజిష్ఠ ఎరుపును ఇనుము గోధుమరంగులోకి తోస్తుంది. రెండోది, కుతకుత ఉడికించడం. 120 గ్రాముల బరువున్న మీటరు బట్టకు మంజిష్ఠ పొడి అంతే తూకం తీసుకుని, ముందు రాత్రి నానబెట్టండి. బట్టను గోరువెచ్చని నీటిలోనే దించి, గంటసేపట్లో మెల్లగా వేడి పెంచుతూ, ఆవిరి లేచి అంచున బుడగలు మొదలయ్యే దశలో ఇంకో ముప్పావు గంట ఉంచండి. తెర్లనివ్వకండి, తెర్లితే వేరులోని గోధుమ, పసుపు ఛాయలు కూడా బట్టెక్కుతాయి. మొదటి పది నిమిషాలు కర్రతో ఆపకుండా తిప్పాలి, లేకపోతే మడతల్లో మచ్చలు ఖాయం.

మూడో కారణం పటిక పలచన కావడం. లీటరు వేడినీటికి 100 గ్రాములు కరిగించి చల్లార్చి పూయండి. ఎక్కడ పూశారో కనబడటానికి చిటికెడు మంజిష్ఠ పొడి కలిపితే లేత గులాబీ ఛాయ వస్తుంది. పూశాక ఒక రోజు ఆరనివ్వడం, పారే నీళ్ళలో ఉతకడం దీనికీ తప్పదు, లేకపోతే ఎరుపు గీత దాటుతుంది. నాలుగోది నీటిలో సున్నం లేకపోవడం. మంజిష్ఠ గానీ, మన తీరంలో పాతకాలంలో వాడిన చిరువేరు గానీ, పటికతోబాటు కాస్త కాల్షియం ఉంటేనే ముదురు ఎరుపు ఇస్తాయి. కృష్ణా ముఖద్వారం వైపు గవ్వలు కలిసిన ఇసుక నేలల్లో పెరిగిన చిరువేరుకు అంత పేరు రావడం వెనుక ఉన్నది ఈ సున్నమే. మీరు ఫిల్టరు నీళ్ళు వాడుతుంటే లీటరుకు ఒక గ్రాము సుద్దపొడి కలపండి. ఘాటు సున్నం వద్దు, రంగు ఊదాలోకి పోతుంది.

ఇప్పుడు డిజైనుకు దగ్గరగా వచ్చే ముచ్చట ఒకటి. ఒక్క మంజిష్ఠ గిన్నెలోంచి మీకు ఒక్క ఎరుపే రానక్కర్లేదు. చిక్కటి పటిక ముదురు ఎరుపు. అదే పటికను నాలుగింతల నీళ్ళతో పలచన చేసి పూస్తే గులాబీ. పటికలో పదోవంతు కసిమి కలిపితే కాఫీగింజ రంగు, ఇంకాస్త కలిపితే వంకాయ ఛాయ. నాలుగూ వేర్వేరు కలాలతో పూసి, బట్టను ఒకేసారి ఉడికిస్తే నాలుగు రంగులతో పైకి వస్తుంది. గిన్నెలోంచి లేస్తున్నప్పుడు చూడాలి దాన్ని: దించినప్పుడు నల్ల గీతలు, ఏవో లేత ఛాయలు తప్ప ఏమీ లేని బట్ట, తీసేటప్పటికి పెదవులు గులాబీ, చీర ఎరుపు, అంచు కాఫీ. ఈ ఒక్క సంగతి చేతికొస్తే మీ డిజైను ఆలోచనే మారిపోతుంది. ఏ రంగు వేయాలి అని కాదు, ఏ రంగులు ఒకే ఉడుకులో వస్తాయి అని ఆలోచించడం మొదలవుతుంది.

ఉడికాక ఖాళీ చోట కూడా మురికి గులాబీ కమ్ముతుంది, కంగారుపడకండి. పేడనీళ్ళు దాని కోసమే. ఒక వంతు పేడకు పది వంతుల నీళ్ళు కలిపి వడగట్టి, బట్టను రాత్రంతా నానబెట్టి, పొద్దున ఉతికి గడ్డి మీదో ఇసుక మీదో పరచండి. ఎండిపోకుండా నీళ్ళు చిలకరిస్తూ ఉండాలి, తడి మీద ఎండ పడితేనే తెలుపు వస్తుంది. రెండు మూడు రోజులు ఇలా చేస్తే బట్ట నేల, అంటే రంగు వేయని ఖాళీ చోటు, శుభ్రపడుతుంది, గట్టిగా పట్టిన ఎరుపూ నలుపూ కదలవు. అపార్టుమెంటులో పేడ కుదరకపోతే గోధుమ తవుడు ఉడికించిన నీళ్ళతో కొంత పని జరుగుతుంది, కాస్త ఓపిక కావాలి. బ్లీచింగు పౌడరు జోలికి మాత్రం పోవద్దు.

పసుపు వేసేముందు మళ్ళీ ఒకసారి పలచటి పాలలో ముంచి ఆరేయాలి, ఉతుకుల్లో పాత కొవ్వంతా పోయి ఉంటుంది కాబట్టి. దానిమ్మ తొక్క గానీ కరక పువ్వు గానీ ఉడికించి, చిటికెడు పటికతో పూస్తారు. వంటింటి పసుపు ఎండకు ఆగదు. నీలిమందు కలంతో పూయడం చాలా కష్టం. పులిసిన నీలి గాలి తగలగానే గట్టిపడుతుంది, కలంలోంచి బట్టకు దిగేలోపే సగం పాడవుతుంది. కోరమాండల్ తీరపు పాత పనివాళ్ళు అందుకే నీలం అక్కర్లేని చోటంతా మైనం పూసి, బట్టనే నీలి తొట్టిలో ముంచేవారు. మీ మొదటి రెండు మూడు బట్టలకు నీలం, ఆకుపచ్చ వదిలేయండి. నలుపు, మూడు నాలుగు ఎరుపులు, పసుపు చాలు.

ఇప్పుడు బొమ్మ. మీరు పోగేసిన చిత్రాల్లో ఆకులన్నీ నీలంగా ఉన్న పూలచెట్టు ఒకటుంది, అలాగే వేయాలనుకుంటున్నారు. వేయండి, తప్పేం లేదు, కానీ అది వేసినవాడి ఊహ కాకపోవచ్చు. నీలం మీద పసుపు పూసి ఆకుపచ్చ తెచ్చేవారు. రెండు మూడు వందల ఏళ్ళలో పసుపు ఎగిరిపోయి నీలం మిగిలింది. విదేశీ మ్యూజియాల్లో ఉన్న పాత కలంకారీ దుప్పట్లలో నీలి ఆకులు చాలామటుకు ఇలాంటివే. పాతది చూసి నేర్చుకోవడమంటే ముందు కాలం చేసిన పని ఏదో, మనిషి చేసిన పని ఏదో విడదీయడం. దానికో మంచి అలవాటు ఉంది. ఫోటోను చూసి రంగులు తీసేసి, నల్ల గీత ఒక్కటే కాగితం మీద వేయండి. రెండో కాగితం మీద ఎరుపు ఉడుకులో వచ్చే చోట్లు మాత్రమే. మూడో దాని మీద పసుపు, నాలుగో దాని మీద నీలం. నాలుగు కాగితాలూ పక్కపక్కన పెడితే ఆ పనివాడు ఏ వరసలో ఆలోచించాడో కనబడుతుంది. ఫోటో ఒకే దృష్టిలో చూపించేదాన్ని అతను నాలుగు విడతల్లో కన్నాడు.

ఆ పూలచెట్టు సంగతి కూడా కాస్త చెప్పాలి. ఒకే కొమ్మకు పది రకాల పూలు, మొదట్లో చిన్న రాళ్ళగుట్ట, మెలికలు తిరిగిన మాను. అది ఒక్క ఊరి బొమ్మ కాదు. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నానికి పారశీక అభిరుచి వచ్చింది. కలంకారీ అనే మాటే అటునుంచి వచ్చింది. 1611లో ఇంగ్లిషు కంపెనీ మచిలీపట్నంలో వర్తక కోఠీ పెట్టింది. యూరప్ వర్తకులు తమ గిరాకీకి తగ్గట్టు నమూనాలు పంపించి వేయించుకునేవారు. ఆ అమ్మకం ఎంత పెరిగిందంటే 1686లో ఫ్రాన్సు రంగు అద్దిన నూలు బట్టల్ని నిషేధించింది. అంటే మీరు 'అచ్చమైన సంప్రదాయం' అనుకుంటున్న బొమ్మ నిజానికి బేరసారాల్లో పుట్టింది. కొత్తది కలపడానికి భయపడనక్కర్లేదని చెప్పడానికే ఇదంతా. వాళ్ళు ఏం కలిపినా గీత, ఉడుకు, ఎండ అనే మూడింటికీ లోబడే కలిపారు.

కాళహస్తి దారి వేరు. అక్కడిది గుడి బట్ట, కథ చెప్పే బట్ట. నడుమ పెద్ద గడిలో ముఖ్య ఘట్టం, చుట్టూ వరసలు వరసలుగా చిన్న గడులు, గడి కింద తెలుగులో వివరం. ఇది దాదాపు అడుగంటిన దశలో హస్తకళలను నిలబెట్టడానికి పనిచేసిన కమలాదేవి ఛటోపాధ్యాయ పూనికతో 1957లో కాళహస్తిలో శిక్షణ కేంద్రం మొదలైంది, జొన్నలగడ్డ లక్ష్మయ్య అక్కడ నేర్పారు. ఆయన కుమారుడు గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఇవాళ మనం చూసే కాళహస్తి శైలి ఈ గొలుసులోంచి వచ్చిందే. అందులో దేవుళ్ళకు నీలం, ఆడవాళ్ళకు పసుపు, ఆంజనేయుడికి ఆకుపచ్చ, రాక్షసులకు ఎరుపు అనే కట్టుబాటు ఉంది. దాన్ని నమ్మకంగా మాత్రమే చూడకండి. గడికి ముప్పై బొమ్మలున్న కథలో రాముడు ఎక్కడున్నాడో దూరంనుంచే తెలియాలంటే ఒంటిరంగుకు మించిన గుర్తు లేదు. మీ కథలో దేవుళ్ళు లేకపోయినా ఈ సూత్రం పనికొస్తుంది: ముఖ్యమైన మనిషికి బట్టంతా ఒకే ఒంటిరంగు, అది ఇంకెవరికీ ఇవ్వొద్దు.

స్ఫూర్తికి ఎక్కడికి వెళ్ళాలంటే మొదట లేపాక్షి చెబుతాను. విజయనగర కాలంలో, 16వ శతాబ్దంలో, వీరభద్రాలయం పైకప్పు మీద వేసిన బొమ్మల్లో పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, మనునీతి చోళుడి కథ ఉన్నాయి. చాలామంది వెళ్ళి దేవుళ్ళను ఫోటో తీసుకుని వస్తారు. మీరు చీరలు చూడండి. ఆ బొమ్మల్లో ఒక్కొక్కరి మీద ఒక్కో అల్లిక: గళ్ళు, చుక్కలు, హంసల వరసలు. పక్కనున్న లతామండపం స్తంభాల మీద చెక్కినవీ అలాంటి అల్లికలే, మన చీర అంచుల్లోకి చాలా ముందే దిగాయి. రెండోది ఆ బొమ్మల్లో నల్ల గీత నడక. భుజం దగ్గర మొదలై మోచేయి మీదుగా మణికట్టు దాకా ఎక్కడా తెగదు. కలం నిండుగా ఉన్నప్పుడు పొడవు గీతలు అన్నాను కదా, ఆ పని ఎలా ఉండాలో పైకప్పు మీద చూడొచ్చు. మెడ నొప్పి పుడుతుంది, చిన్న అద్దం చేతిలో పట్టుకుని అందులో చూడండి.

రెండో చోటు తోలుబొమ్మలు, ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట వైపు ఇంకా చేస్తున్నారు. తోలుబొమ్మలో నగ అంటే చిల్లు. వెలుగు ఆ చిల్లులోంచి వస్తేనే హారం మెరుస్తుంది. బట్ట మీద మనకున్న వెలుగు ఖాళీ వదిలిన నేల ఒక్కటే. నగల్ని పసుపుతో నింపేబదులు, నల్లటి నేల మధ్య చుక్కలు చుక్కలుగా తెలుపు వదిలి చూడండి. తెలుపు రంగు మనకు లేదు, వదిలేయడమే తెలుపు. ఇంట్లో ముగ్గు దీనికి తిరగేసిన పాఠం: అక్కడ చుక్క ముందు, గీత తర్వాత.

కొలతలు కూడా స్ఫూర్తిలో భాగమే. చేయి తిరిగేదాకా మీ కలం గీత ఒక మిల్లీమీటరు మందం ఉంటుందనుకోండి. కంట్లో పై రెప్ప, కింది రెప్ప, గుడ్డు, మధ్యలో ఖాళీలు పట్టాలంటే కన్ను ఒక సెంటీమీటరైనా ఉండాలి, అంటే తల నాలుగు సెంటీమీటర్లు. మీటరు వెడల్పు, మీటరున్నర పొడవు బట్టకు నడుమ గడి 50కి 70 సెంటీమీటర్లు, చుట్టూ గడుల ఎత్తు 18 సెంటీమీటర్లకు తగ్గకుండా పెట్టుకోండి, అందులో వివరం రాయడానికి 2 సెంటీమీటర్లు. మీరు పంపిన పటంలో 10 సెంటీమీటర్ల గడిలో ఏడుగురున్నారు. ఆ గీతలు పాకకపోయినా కలిసిపోతాయి, పాల తప్పు కాదది.

కథ ఏదైనా కావచ్చు. మీ వీధిలో పొద్దుటి పాలవాడి నుంచి రాత్రి గూర్ఖా దాకా ఒక రోజు, ఎండాకాలంలో ఒక చెరువు ఎండిపోవడం, ఇంట్లో ఆవకాయ పెట్టే రోజు. ఎరుపు, గోధుమ, పసుపు రంగులే చేతిలో ఉన్నాయి కాబట్టి ఆవకాయ కథ మొదటి బట్టకు బాగా కుదురుతుంది. చిన్నగా ఒక లెక్క వేసుకోండి: కారం ముదురు ఎరుపు, జాడీ మూతికి కట్టిన గుడ్డ గులాబీ, జాడీ కాఫీ రంగు, ఆవపిండి పసుపు, ముక్క లోపలి టెంక వదిలేసిన తెలుపు. బయటి చెక్కుకు ఆకుపచ్చ లేదు, దాని బదులు నల్ల గీతలతో తడిక వేయండి. లేని రంగును గీతతో భర్తీ చేయడం మొదలుపెట్టినప్పుడే మీ చేతి గుర్తు బయటపడుతుంది.

కసిమి గీతకు ముందు బట్ట మీద బొమ్మ గీసుకోవడానికి చింతకొమ్మ బొగ్గు వాడండి. వేలంత పుల్లల్ని కాల్చి, ఎర్రగా ఉండగానే ఇసుకలో కప్పెడితే వస్తుంది. తప్పు గీస్తే గుడ్డతో దులిపేయొచ్చు, మిగిలింది ఉతుకులో పోతుంది. పెన్సిల్ గీత పోదు.

పెద్ద బట్ట మొదలుపెట్టేముందు, అదే తానులోంచి జానెడు వెడల్పు పీలిక ఒకటి చించి, అన్ని దశల్లోనూ పెద్దదానికంటే ఒక రోజు ముందు నడిపించండి. పాలు, కసిమి, పటిక చిక్కదనాలు మూడు, ఉడుకు, పేడనీళ్ళు. ఏ గడిలో ఏ పాళ్ళు వాడారో పక్కనే కసిమితో రాసి పెట్టుకోండి, పెన్ను రాత మంజిష్ఠలో పోతుంది.